తాళం కాదు, లాకు

ఈసారి కొంచెం పెద్దగా రాశాను. ఒక్కసారిలో చదవలేకపోతే రెండు రోజులు చదవండి. నేను రాయడానికి మూడు వారాలు పట్టింది.

రెండేళ్ళ క్రితం మేరీల్యాండ్‌లో మా ఇంటికి దగ్గర్లోనే సైకిల్ తొక్కుతుంటే ఒక కారు అద్దం నా మోచేతికి తగిలింది. పక్కనున్న కాలిబాట మీద పడ్డాను. మణికట్టు విరిగింది. కారు ఆగలేదు. ఆ తర్వాత అమ్మ ఒక షరతు పెట్టింది: "తొక్కుకో, నేను వద్దనను. కానీ కార్లు తిరిగే రోడ్డు మీద మాత్రం వద్దు." ముప్ఫై రెండేళ్ళు వచ్చినా అమ్మ షరతు షరతే. నిజం చెప్పాలంటే నాకూ భయంగానే ఉంది.

అయినా ఈ అక్టోబరులో వాషింగ్టన్ నుంచి పిట్స్‌బర్గ్ దాకా సైకిల్ మీద వెళ్ళాలని నా కోరిక. దాదాపు 335 మైళ్ళు. ఆశ్చర్యం ఏమిటంటే, ఆ దారి అంతా దాదాపు కార్లు లేనిదే. మొదటి 184.5 మైళ్ళు పోటోమాక్ నది ఒడ్డున చెసపీక్ అండ్ ఒహాయో కాలవ గట్టు. కంబర్లాండ్ ఊరి నుంచి మిగతా 150 మైళ్ళు పాత రైలు దారి, దాన్ని గ్రేట్ అలెగెనీ పాసేజ్ అంటారు. అక్టోబరు ప్రయాణానికి ట్రెయినింగ్‌గా మే నెలాఖరులో మొదటి ముక్క, అంటే కాలవ గట్టు మొత్తం, మూడు రోజుల్లో తొక్కాలని ప్లాన్ వేస్తున్నాను.

ప్లాన్ వెయ్యడానికి మ్యాప్ ముందు కూర్చున్నాను. ఎక్కడ నీళ్ళు, ఎక్కడ పడుకోవాలి, ఎక్కడ ఎత్తు? ప్రతి ప్రశ్నకూ జవాబు చరిత్రలోనే దొరికింది. ఎందుకంటే ఈ దారిని సైకిళ్ళ కోసం ఎవరూ వెయ్యలేదు. కంచర గాడిదల కోసం వేశారు. అవి గట్టు మీద నడుస్తూ తాడుతో పడవను లాగేవి. గట్టు వెడల్పు 12 అడుగులు పెట్టారు. ఈరోజు రెండు సైకిళ్ళు హాయిగా పక్కపక్కన వెళ్ళేది అందుకే.

ఈ సంగతి తాతయ్యకి చెబుదామని ఫోన్ చేశాను. తాతయ్యది రాజమండ్రి దగ్గర పల్లె. నేను చాలా జాగ్రత్తగా, ముందు కాగితం మీద రాసుకుని మరీ చెప్పాను: "తాతయ్యా, ఈ కాలవలో 74 తాళాలు ఉన్నాయి."

తాతయ్య కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "కాలవకి తాళాలేంటమ్మా? దొంగలు ఎత్తుకుపోతారా?" అన్నాడు.

నేను వివరించాను. పడవ ఒక గదిలాంటి చోటికి వస్తుంది, వెనక తలుపులు మూస్తారు, నీళ్ళు నింపుతారు, పడవ పైకి లేస్తుంది, ముందు తలుపులు తీస్తారు. సగంలోనే తాతయ్య నవ్వడం మొదలుపెట్టాడు. "అది లాకు. తాళం కాదు. మా చిన్నప్పుడు ధవళేశ్వరం లాకుల దగ్గరే ఆడుకునేవాళ్ళం."

నేను ఇంగ్లీషు మాటకి నిఘంటువులో తెలుగు మాట వెతికాను. అసలు జవాబు ఆ ఇంగ్లీషు మాటే, తెలుగు వేషం వేసుకుని గోదావరి గట్టున నూట డెబ్బై ఏళ్ళుగా కూర్చుని ఉంది. ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం దగ్గర ఆనకట్టను 1847లో మొదలుపెట్టి 1852లో పూర్తి చేశాడు. అక్కడినుంచి తవ్విన కాలవలు పొలాలకి నీళ్ళు ఇవ్వడానికే కాదు, పడవలు నడవడానికి కూడా. అందుకే వాటికి లాకులు. తాతయ్య చెప్పిన ఇంకో సంగతి: అక్కడ గాలి లేనప్పుడు గూటి పడవలను గట్టు మీద నడుస్తూ మనుషులే తాడుతో లాగేవారట. ఇక్కడ గాడిదలు, అక్కడ మనుషులు. ఆ మాట విన్నాక 12 అడుగుల గట్టు నాకు ఇంకోలా కనిపించడం మొదలైంది.

ఇప్పుడు ప్లాన్.

మొదటి రోజు జార్జ్‌టౌన్‌లో సున్నా మైలు నుంచి 63వ మైలు దాకా. ఇక్కడ ఎత్తు గురించి చెప్పాలి. జార్జ్‌టౌన్ నుంచి కంబర్లాండ్‌కి కాలవ మొత్తం 605 అడుగులు పైకి ఎక్కుతుంది. 184.5 మైళ్ళలో అది ఏమీ కాదు. పైగా కాలవలో నీళ్ళు చదునుగా నిలబడాలి కాబట్టి గట్టు కూడా మైళ్ళకు మైళ్ళు చదునుగా ఉంటుంది. ఎత్తు అంతా లాకుల దగ్గరే. ఒక్కో లాకు సుమారు 8 అడుగులు. అంటే కాసేపు చదును, ఒక చిన్న ఎక్కుడు, మళ్ళీ చదును, అలా 74 సార్లు.

వినడానికి సులువు. కానీ తొక్కేవాళ్ళకి ఇందులో ఒక చిక్కు ఉంది. కొండ ఎక్కితే తర్వాత దిగుడు వస్తుంది, కాళ్ళకి విశ్రాంతి దొరుకుతుంది. చదునులో దిగుడు లేదు. ఆరు గంటలు తొక్కుతూనే ఉండాలి, కూర్చున్న చోటే కూర్చోవాలి. అందుకే మార్చి నుంచి వారానికి ఒకసారి జార్జ్‌టౌన్ నుంచి వెళ్ళి వెనక్కి వస్తున్నాను. మొదట గ్రేట్ ఫాల్స్ దాకా 14 మైళ్ళు, రానూపోనూ 28. తర్వాత 40. మొన్న 50. నేల మట్టి, చిన్న కంకర. వాన పడితే బురద. సన్న టైర్లు పనికిరావు, కాబట్టి 40 మిల్లీమీటర్లవి వేయించాను.

గ్రేట్ ఫాల్స్ దగ్గర నది రాళ్ళ మధ్య కిందికి దూకుతుంది. ఈ నదిని దాటి కొండల అవతలికి పడవలు పంపాలని మొదట పట్టుబట్టింది జార్జి వాషింగ్టన్. 1785లో ఆయన ఒక కంపెనీకి అధ్యక్షుడయ్యాడు. జలపాతాల పక్కనుంచి చిన్న చిన్న కాలవలు తవ్వారు. అది పెద్దగా లాభం ఇవ్వలేదు. ఎండాకాలంలో నదిలో నీళ్ళు ఉండవు, వానలకు వరద వస్తుంది. అందుకని నదిని వదిలేసి, నది పక్కనే వేరే కాలవ తవ్వాలని తర్వాతి తరం అనుకుంది. గమ్యం ఎక్కడో తెలుసా? పిట్స్‌బర్గ్. అంటే ఒహాయో నది. కాలవ పేరులో ఒహాయో ఉన్నది అందుకే, కానీ కాలవ ఒహాయోని ఎప్పుడూ చూడలేదు.

1828 జులై 4న పని మొదలైంది. అధ్యక్షుడు జాన్ క్విన్సీ ఆడమ్స్ పార పట్టుకుని నేలలో గుచ్చాడు. పార చెట్టు వేరుకి తగిలింది. మళ్ళీ గుచ్చాడు. మళ్ళీ వేరే. ఆయన కోటు విప్పి పక్కన పెట్టి బలంగా గుచ్చాడు, అప్పుడు మట్టి లేచింది. జనం కేకలు వేశారు. ఈ సంగతి ఆయనే తన డైరీలో రాసుకున్నాడు. మన ఇళ్ళల్లో అయితే శంకుస్థాపన రోజు అలా జరిగితే పెద్దవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకునేవారు.

అదే రోజు 40 మైళ్ళ దూరంలో బాల్టిమోర్‌లో ఇంకో వేడుక. బాల్టిమోర్ అండ్ ఒహాయో రైలు దారికి మొదటి రాయి వేశారు. వేసింది స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం చేసినవాళ్ళలో అప్పటికి బతికున్న ఒకే ఒక్క మనిషి, 90 ఏళ్ళ చార్లెస్ కారల్. ఒకే రోజు, ఒకే గమ్యం, రెండు దారులు. పందెం అక్కడే మొదలైంది.

48వ మైలు దగ్గర పాయింట్ ఆఫ్ రాక్స్ వస్తుంది. అక్కడ కొండ దాదాపు నది దాకా వస్తుంది, మధ్యలో జాగా చాలా తక్కువ. కాలవా, రైలూ రెండూ ఆ జాగా నాదంటే నాదని కోర్టుకెళ్ళాయి. దాదాపు నాలుగేళ్ళు వ్యాజ్యం. 1832లో మేరీల్యాండ్ పెద్ద కోర్టు కాలవ వైపు తీర్పు చెప్పింది. తర్వాత రాజీ కుదిరి రైలుకీ కొంచెం చోటు ఇచ్చారు. కాలవ గెలిచిన పెద్ద పోరాటం అదొక్కటే అనుకుంటాను. ఇప్పుడక్కడ సైకిల్ మీద వెళ్తుంటే పక్కనే సరుకుల రైలు వెళ్తుంది, చెవులు మూసుకోవాలి.

దానికి 6 మైళ్ళ ముందు మొనోకసీ అక్విడక్టు ఉంది. ఏడు రాతి కమానుల మీద కాలవనే ఇంకో నది మీదుగా దాటించారు. 1833లో పూర్తయింది. తాతయ్యకి ఫొటో పంపితే, "మన గన్నవరం అక్విడక్టు లాంటిదే" అన్నాడు. కోనసీమలో గోదావరి పాయ మీదుగా కాలవ దాటుతుంది అక్కడ. మధ్యాహ్నం పులిహోర ఆ రాళ్ళ మీద కూర్చుని తినాలని ప్లాన్‌లో రాసుకున్నాను.

రాత్రి హార్పర్స్ ఫెర్రీ దాటాక ఒక శిబిరం. గట్టు పొడుగునా నడిచేవాళ్ళకి, సైకిళ్ళవాళ్ళకి ఇలాంటివి 30 దాకా ఉన్నాయి. డబ్బు కట్టక్కర్లేదు, ముందు వచ్చినవాళ్ళకి ముందు. ఒక్కో చోట ఒక్క రాత్రి మాత్రమే ఉండాలి. ఒక చేతి పంపు ఉంటుంది. చలికాలంలో పంపు పిడి తీసేస్తారు, అందుకే మే నెల. ఇంకో సంగతి: కాలవ దగ్గర పాత లాకు కాపరుల ఇళ్ళు కొన్ని బాగుచేసి అద్దెకి ఇస్తున్నారు. ఆ కాపరి రాత్రీ పగలూ పడవ బూర వినగానే లేచి తలుపులు తియ్యాలి. ఉండడానికి ఇల్లు, కొద్దిపాటి జీతం, కూరగాయలకి చిన్న పెరడు. అద్దె నాకు కొంచెం ఎక్కువే. గుడారమే.

రెండో రోజు 63 నుంచి 126వ మైలు దాకా. ఇది పొడుగు రోజు. షెపర్డ్స్‌టౌన్, విలియమ్స్‌పోర్ట్, ఫోర్ట్ ఫ్రెడరిక్, హాన్‌కాక్. ఫోర్ట్ ఫ్రెడరిక్ తర్వాత కాలవ పక్కనే ఇంకో పాత రైలు దారి మీద తారు వేసిన సైకిల్ బాట ఉంది. బురద ఎక్కువైతే అటు మారిపోవచ్చు. అలసిపోయాక తారు చూస్తే ఎంత ఆనందమో.

ఈ రెండో రోజు గురించి చదివినప్పుడే నాకు నిద్ర పట్టలేదు. ఈ గట్టు ఎవరు వేశారు? ఐర్లండు నుంచి ఓడల్లో వచ్చిన కూలీలు, జర్మన్లు, ఇంగ్లండు నుంచి వచ్చిన రాతి పనివాళ్ళు. 1832లో కలరా వచ్చింది. శిబిరాల్లో మనుషులు పిట్టల్లా పోయారు. మిగిలినవాళ్ళు పనులు వదిలి పారిపోయారు. 1834 జనవరిలో విలియమ్స్‌పోర్ట్ దగ్గర రెండు ఐరిష్ వర్గాల మధ్య కొట్లాట జరిగింది. కొందరు చనిపోయారు. గొడవ అంతా పని గురించే. చలికాలంలో పని తక్కువ, కంపెనీ దగ్గర డబ్బు అయిపోతోంది, ఉన్న పని ఎవరికి? అధ్యక్షుడు ఆండ్రూ జాక్సన్ సైన్యాన్ని పంపాడు. పనివాళ్ళ గొడవ మీదికి అమెరికా ప్రభుత్వం తన సైన్యాన్ని పంపడం అదే మొదటిసారి.

మా నాన్న 1989లో ఈ దేశం వచ్చాడు. ఆయన కథ వేరు, వీసా, ఉద్యోగం, అన్నీ ఉన్నాయి. పోల్చడం సరికాదని నాకు తెలుసు. అయినా ఇంటికి దూరంగా, భాష కొత్తగా, పని ఉంటుందో ఉండదో తెలియకుండా ఉన్న మనిషి అంటే నాకు గుర్తొచ్చే ముఖం నాన్నదే.

మూడో రోజు 58 మైళ్ళు. 155వ మైలు దగ్గర పా పా సొరంగం. (అవును, పేరు అంతే. పా పా అనేది ఒక పండు. తాతయ్యకి చెబితే "పాపాలా?" అన్నాడు.) అక్కడ నది పాములా మెలికలు తిరుగుతుంది. ఆ 6 మైళ్ళ మెలిక తప్పించుకోవడానికి కొండకి బొక్క పెట్టారు. 3,118 అడుగుల పొడుగు. 1836లో మొదలుపెట్టారు. రెండేళ్ళలో అయిపోతుందనుకున్నారు. 1850లో అయింది. రాయి గట్టిది, డబ్బు లేదు, కూలీలకి జీతాలు అందలేదు, మధ్యలో ఏళ్ళ తరబడి పని ఆగిపోయింది. లోపలి గోడలకి దాదాపు 60 లక్షల ఇటుకలు పేర్చారు. లోపల చీకటి, గట్టు సన్నం, కంచె ఉంది. సైకిల్ దిగి నడవాలి, లైటు తప్పనిసరి. పడవలకి కూడా ఒక్కదానికే చోటు. ఒకసారి రెండు పడవలు ఎదురెదురుగా వచ్చి నువ్వు వెనక్కి వెళ్ళు అంటే నువ్వు వెళ్ళు అని రోజుల తరబడి మొండికేశాయట. చివరికి అధికారి ఒక వైపున పచ్చి మొక్కజొన్న కాడలు కాల్చి పొగ పెట్టి బయటికి తరిమాడని కథ చెబుతారు.

ఆ సొరంగం పూర్తయిన 1850లోనే కాలవ కంబర్లాండ్ చేరింది. ఖర్చు కోటి డాలర్లు దాటింది. రైలు అక్కడికి 1842లోనే వచ్చేసింది. ఎనిమిదేళ్ళ ముందు. ఇక కొండలు దాటి పిట్స్‌బర్గ్ వెళ్ళే మాట ఎవరూ ఎత్తలేదు. కాలవ అక్కడే ఆగిపోయింది.

ఆగినా పనిచేసింది. కంబర్లాండ్ చుట్టుపక్కల గనుల బొగ్గును జార్జ్‌టౌన్‌కి తెచ్చేవారు. ఒక్కో పడవలో 120 టన్నుల దాకా. రెండు జతల గాడిదలు: ఒక జత ఆరు గంటలు లాగుతుంటే ఇంకో జత పడవలోనే కొట్టంలో విశ్రాంతి. సంసారాలు పడవల్లోనే ఉండేవి. గాడిదల పక్కన నడిచేది చాలాసార్లు పిల్లలే. నాకు మూడు రోజులు పట్టే దారిలో వాళ్ళు నడిచి వెళ్ళేవారు, చెప్పుల్లేకుండా.

1889 మే నెలాఖరున పెద్ద వాన. పెన్సిల్వేనియాలో జాన్స్‌టౌన్ ఊరిని ముంచి 2,200 మందికి పైగా ప్రాణాలు తీసింది ఆ వానే. ఇటు పోటోమాక్ పొంగి కాలవను ముక్కలు చేసింది. కంపెనీ దివాలా తీసింది. అప్పుడు కాలవ ఎవరి చేతికి వెళ్ళిందో ఊహించండి. అప్పుపత్రాలు ఎక్కువ కొనిపెట్టుకున్న పోటీదారుకి, అంటే ఆ రైలు కంపెనీకే. రైలు కంపెనీకి కాలవ మీద ప్రేమేమీ లేదు. కానీ నది పక్కనున్న ఈ చదును జాగా ఇంకో రైలు కంపెనీ కొనుక్కుంటే? అందుకని బాగుచేయించి, 1924లో మళ్ళీ వరద వచ్చేదాకా నడిపించింది. ఆ తర్వాత బాగుచెయ్యలేదు.

నాకు ఇక్కడే ఆశ్చర్యం వేసింది. జాగా ముక్కలు ముక్కలుగా అమ్ముడుపోకుండా, 184.5 మైళ్ళు ఒకే తాడులా మిగిలింది ఒక కంపెనీ అసూయ వల్ల. గోదావరి కాలవలు ఎందుకు బతికాయో తాతయ్యని అడిగితే ఒక్క మాటలో చెప్పాడు: "వరికి నీళ్ళు కావాలి కదమ్మా." అక్కడా రైలు వచ్చింది, తర్వాత లారీలు వచ్చాయి, పడవలు పోయాయి. కాటన్ అయితే ఇండియాకి రైళ్ళ కన్నా పడవ కాలవలే మంచివని చివరిదాకా వాదించాడు, ఆ వాదన ఓడిపోయింది. కానీ ఆ కాలవలకి ఇంకో పని ఉంది. ఈ కాలవకి ఇంకో పని లేదు.

1938లో రైలు కంపెనీకి డబ్బు అవసరమై కాలవను 20 లక్షల డాలర్లకి ప్రభుత్వానికి అమ్మేసింది. జార్జ్‌టౌన్ వైపు మొదటి 22 మైళ్ళు బాగుచేసింది నిరుద్యోగ యువకుల కోసం పెట్టిన పథకంలోని నల్లజాతి యువకులు. శిబిరాలు కూడా వేరుగానే పెట్టారు. నేను ప్రతి వారం ట్రెయినింగ్ చేసే ముక్క అదే. ఇన్నేళ్ళూ అది తెలియకుండానే తొక్కాను.

ఆ తర్వాత వచ్చిన ఆలోచన ఇది: ఈ పాడుబడ్డ కాలవను పూడ్చి, దాని మీద కార్లకి అందమైన రోడ్డు వేద్దాం. 1954 జనవరి 3న వాషింగ్టన్ పోస్ట్ పత్రిక ఆ ఆలోచనను సమర్థిస్తూ సంపాదకీయం రాసింది. సుప్రీంకోర్టు న్యాయమూర్తి విలియం డగ్లస్‌కి కోపం వచ్చింది. ఆయన రాసిన ఉత్తరం 19న అదే పత్రికలో అచ్చయింది. సారాంశం: ఇది రాసిన సంపాదకుడు నాతో కలిసి మొత్తం గట్టు నడవాలి, నడిచాక మనసు మార్చుకుంటాడు. సంపాదకులు ఇద్దరు సరేనన్నారు!

మార్చి 20న కంబర్లాండ్ నుంచి బయలుదేరారు. డగ్లస్‌కి అప్పుడు 55 ఏళ్ళు, చాలా వేగంగా నడిచేవాడు. సంపాదకుల కాళ్ళు బొబ్బలెక్కాయి. ఎంతోమంది కలిశారు, ఎంతోమంది మధ్యలో ఆగిపోయారు. ఎనిమిదో రోజు, మార్చి 27న వాషింగ్టన్ చేరినవాళ్ళలో మొదటి నుంచి చివరి దాకా నడిచినవాళ్ళు 9 మంది. సంపాదకులు ఆ తొమ్మిదిలో లేరు. కానీ కొద్దిరోజులకే పత్రిక తన అభిప్రాయం మార్చుకుందని రాసింది. అది కూడా గొప్పే, నాకు తెలిసినవాళ్ళలో తప్పు ఒప్పుకున్నవాళ్ళు తక్కువ. రోడ్డు ఆగిపోయింది. 1961లో ఐసెన్‌హోవర్ దీన్ని జాతీయ స్మారకం చేశాడు. 1971 జనవరి 8న నిక్సన్ సంతకంతో జాతీయ చారిత్రక పార్కు అయింది. మరుసటి ఏడాదే ఆగ్నెస్ తుఫాను వచ్చి మళ్ళీ అంతా కొట్టుకుపోయింది, మళ్ళీ కట్టారు. వరదలు ఈ కథలో ఎప్పటికీ అయిపోవు. నా ప్లాన్‌లో చివరి గీత కూడా అదే: బయలుదేరే ముందు రోజు నది మట్టం చూసుకోవాలి.

ఇదంతా అమ్మకి చెప్పాను. డగ్లస్ కథ దగ్గర అమ్మ, "అంటే ఆ జడ్జిగారు నడవకపోతే ఇక్కడ కూడా కార్లే తిరిగేవా?" అంది. అవునన్నాను. "మరి ఆయన పేరు ఎవరూ చెప్పరేం?" పేరు పెట్టారు, 1977లో పార్కును ఆయనకి అంకితం చేశారు, బోర్డు ఉంది అన్నాను. మేలో కంబర్లాండ్‌కి తనూ వస్తానంది, అంటే కారులో, నాకు ఎదురుగా. వద్దన్నాను. కంబర్లాండ్ నుంచి వాషింగ్టన్‌కి రోజుకి ఒక్క ఆమ్‌ట్రాక్ రైలు ఉంది, ముందుగా చెబితే సైకిల్ కూడా ఎక్కించుకుంటారు. ఆ రైలు వచ్చేది చాలావరకు 1842లో కంబర్లాండ్ చేరిన ఆ పాత దారి మీదనే. కాలవ మీద వెళ్ళి, రైలు మీద రావాలి.

అక్టోబరు సంగతి ఇంకా తేలలేదు. కంబర్లాండ్ తర్వాత కొండ ఉంది, నీటి విభజన రేఖ దగ్గర 2,392 అడుగులు. అక్కడ చదును కాలవ ట్రెయినింగ్ ఒక్కటే సరిపోదు. పిట్స్‌బర్గ్ చేరాక పెన్ హిల్స్‌లో వేంకటేశ్వరస్వామి గుడికి వెళ్ళాలని ఉంది. 1976లో కట్టిన గుడి, చిన్నప్పుడు ఎండాకాలం సెలవుల్లో నాన్న మమ్మల్ని కారులో తీసుకెళ్ళేవాడు, నాలుగు గంటలు వెనక సీట్లో తమ్ముడితో కొట్లాట. నగరం నుంచి ఆ కొండ మీదికి కార్లు లేని దారి నాకు మ్యాప్‌లో కనిపించలేదు. ఆ చివరి కొన్ని మైళ్ళకి అమ్మ వచ్చి ఎక్కించుకుంటానంది. దానికి మాత్రం సరేనన్నాను.